అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఐపీ మార్చుకోనివ్వడం ఎలా?

ప్రశ్న: మాది చిన్న సంస్థ. నలభై దాకా ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, అన్నీ విండోసే. ఐటీ పనంతా నేనొక్కడినే చూసుకుంటాను. వాడేవాళ్లెవరికీ అడ్మిన్ హక్కులు ఇవ్వలేదు. వీళ్లలో పన్నెండు మంది సర్వీస్ ఇంజినీర్లు. కస్టమర్ దగ్గరికి వెళ్లి, ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో యంత్రానికి కలిపి సెట్టింగులు చూస్తారు. ప్రతి యంత్రానికీ స్థిరమైన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే సంఖ్య) ఒకటి ఉంటుంది కాబట్టి, దానికి సరిపడేలా ల్యాప్‌టాప్ ఐపీ మార్చాలి. మార్చబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్లు. పోయిన నెల ఇక తట్టుకోలేక ఒకరికి పాస్‌వర్డ్ చెప్పేశాను. అన్ని ల్యాప్‌టాప్‌లకూ అదే పాస్‌వర్డ్. ఇప్పుడది ఎంతమంది దగ్గరుందో తెలియదు. మా పైవాళ్లేమో ‘ఈ గొడవంతా ఎందుకు, అందరికీ అడ్మిన్ ఇచ్చెయ్’ అంటున్నారు. ఇవ్వాలంటే భయం, ఇవ్వకపోతే పని ఆగుతోంది. మధ్యలో దారి ఏమైనా ఉందా?

సమాధానం: ఉందండీ. ఐపీ లాంటి నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే హక్కు మాత్రమే ఇచ్చే గ్రూపు ఒకటి విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచీ ఉంది. ఏళ్ల తరబడి ఐటీలో ఉన్నవాళ్లు కూడా కొందరు దాన్ని తెరిచి చూసి ఉండరు. అయితే అక్కడికి వెళ్లే ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది.

ఆ పాస్‌వర్డ్‌ను ఈ రోజే మార్చండి. ఈ ఉత్తరంలోని మిగతా విషయాలన్నీ వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒకప్పుడు నేనూ మీలాగే ఫోన్‌లో ఒకరికి పాస్‌వర్డ్ చెప్పాను. కొన్ని నెలల తర్వాత వేరే ఎవరిదో ల్యాప్‌టాప్ రిపేరుకు వచ్చింది. స్క్రూలు విప్పుదామని తిరగేస్తే అడుగున చిన్న తెల్ల స్టిక్కర్, దాని మీద బాల్‌పెన్నుతో మా అడ్మిన్ పాస్‌వర్డ్, కింద రెండు గీతలు. ఆ ల్యాప్‌టాప్ వాడే మనిషికి నేను పాస్‌వర్డ్ చెప్పనేలేదు. ఆయన తప్పేమీ లేదు, పని కావాలి కాబట్టి పక్కవాళ్లను అడిగి రాసుకున్నాడు. తప్పు నాది. ఆ రోజు నుంచి అన్ని కంప్యూటర్లకూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ అనే పద్ధతినే మానేశాను.

మీ ల్యాప్‌టాప్‌లు డొమైన్‌లోనో (సంస్థ కంప్యూటర్లన్నిటినీ ఒక సర్వర్ నుంచి నడిపే ఏర్పాటు), మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీలోనో (అలాంటి పనికే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ) చేరి ఉంటే, విండోస్ ల్యాప్స్ అనే సదుపాయం 2023 ఏప్రిల్ అప్‌డేట్ల నుంచి విండోస్ 10, 11లో భాగంగానే వస్తోంది. అది ఒక్కో ల్యాప్‌టాప్‌కు ఒక్కో అడ్మిన్ పాస్‌వర్డ్ తయారుచేసి, మీరు మాత్రమే చూడగలిగే చోట దాచి, కొన్ని రోజులకోసారి మార్చేస్తుంది. నిజంగా గత్యంతరం లేని రాత్రి ఒక ఇంజినీరుకు ఆ పాస్‌వర్డ్ చదివి వినిపించినా, అది ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే పనికొస్తుంది. వాడిన తర్వాత కొంత గడువుకు, మామూలుగా 24 గంటలకు, దానంతటదే మారిపోయేలా కూడా పెట్టుకోవచ్చు. ఈ రెండూ లేకపోతే ల్యాప్స్ పనిచేయదు. అప్పుడు మీరే కూర్చుని నలభై ల్యాప్‌టాప్‌లకు నలభై పాస్‌వర్డ్‌లు పెట్టి, ఒక పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోవాలి. ఒక రోజు పోతుంది, పోనివ్వండి.

ఇప్పుడు అసలు విషయం. ‘నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే హక్కు ఎలా ఇవ్వాలి’ అని అడిగారు. దానికన్నా ముందు, వాళ్లు ఏ సెట్టింగ్‌ను, ఎక్కడ, దేనినుంచి దేనికి మారుస్తున్నారో కనుక్కోండి. పన్నెండు మందినీ అడిగి ఒక కాగితం మీద రాయండి. ఏయే యంత్రాలు, వాటి ఐపీ అడ్రస్‌లు ఏమిటి, నెలలో ఎన్నిసార్లు వెళ్తారు. నేను చూసినంతలో, ఇలాంటి జాబితా తయారయ్యాక తేలేది ఒకటే. ఎన్ని యంత్రాలున్నా అడ్రస్ కుటుంబాలు మూడో నాలుగో ఉంటాయి. ఒకే కంపెనీ తయారుచేసిన యంత్రాలన్నీ ఫ్యాక్టరీ నుంచి ఒకే రకం అడ్రస్‌తో వస్తాయి, ఎవరూ వాటిని మార్చరు. అంటే మీవాళ్లు కొత్త కొత్త ఐపీలు పెట్టుకోవడం లేదు, అవే మూడు నాలుగింటి మధ్య తిరుగుతున్నారు. అలాంటప్పుడు ఆ మూడు నాలుగూ మీరే ముందుగా పెట్టి పంపితే చాలామందికి హక్కు ఇవ్వాల్సిన అవసరమే రాదు.

మీ ఇంజినీరు పనిచేసే చోటును ఒకసారి ఊహించుకోండి. ప్యానెల్ తలుపు తెరిచి ఉంటుంది. కూర్చోవడానికి చోటుండదు, ల్యాప్‌టాప్ మోకాళ్ల మీద. కేబుల్ పెట్టగానే లోపలి పోర్టులో పచ్చ లైటు వెలుగుతుంది, అంటే తీగ బాగానే ఉంది. కానీ స్క్రీన్ మీద ‘అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్’. ఐపీ చూస్తే 169.254తో మొదలవుతుంది. అది ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకున్న అడ్రస్. కేబుల్ పెట్టగానే విండోస్ ‘నాకో అడ్రస్ ఇవ్వండి’ అని అడుగుతుంది. ఆఫీసులో అయితే రౌటరో సర్వరో డీహెచ్‌సీపీ అనే పద్ధతిలో ఇస్తుంది. ఇక్కడ కేబుల్‌కు అటువైపు ఉన్నది యంత్రం, దానికి అడ్రస్‌లు ఇవ్వడం రాదు. కాసేపు ఎదురుచూసి, ఎవరూ పలకకపోతే విండోస్ ఆ 169.254 అడ్రస్ పెట్టుకుంటుంది. యంత్రం అడ్రస్ 192.168.0.10 అనుకోండి, ఈ రెండూ ఒకదానికొకటి కనబడవు. అప్పుడు మీకు ఫోన్ వస్తుంది.

ఎవరూ పలకనప్పుడు 169.254కు బదులు మనం చెప్పిన అడ్రస్ పెట్టుకోమని విండోస్‌కు ముందే చెప్పి ఉంచవచ్చు. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 తెరవండి. ఐపీ ఆటోమేటిక్‌గా తీసుకునే పద్ధతి ఎంచుకుని ఉంటేనే పక్కన ‘ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్’ అనే రెండో ట్యాబ్ కనిపిస్తుంది. స్టాటిక్ (స్థిరమైన అడ్రస్) పెట్టగానే అది మాయమవుతుంది, చాలామంది దాన్ని గమనించకపోవడానికి కారణం ఇదే. అందులో యంత్రాల కుటుంబానికి సరిపడే ఒక అడ్రస్, 192.168.0.200 లాంటిది, సబ్‌నెట్ మాస్క్‌తో (ఏ అడ్రస్‌లు ఒకే నెట్‌వర్క్‌లోవో చెప్పే సంఖ్య) సహా ఇచ్చి వదిలేయండి. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే అడ్రస్), డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే సర్వర్) ఖాళీగానే ఉంచండి. ఇక ఆఫీసులో కేబుల్ పెడితే ఆఫీసు అడ్రస్, యంత్రానికి పెడితే ఈ అడ్రస్. ఇంజినీరు ఏమీ నొక్కక్కర్లేదు, ఏ హక్కూ అక్కర్లేదు. యంత్రానికి కలిపాక ఒక నిమిషం దాకా ఓపిక పట్టమని మాత్రం వాళ్లకు చెప్పండి. డీహెచ్‌సీపీ కోసం ఎదురుచూపు ముగిశాకే అడ్రస్ మారుతుంది. ఆలోపే కేబుల్ పీకి మళ్లీ పెడితే ఎదురుచూపు మొదటికొస్తుంది.

దీనికి పరిమితి ఉంది. అక్కడ ఒక్క అడ్రసే పడుతుంది. పైగా యంత్రం నేరుగా కాకుండా కస్టమర్ నెట్‌వర్క్ స్విచ్‌కు కలిపి ఉండి, ఆ నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ నడుస్తుంటే, ల్యాప్‌టాప్ అక్కడి అడ్రస్సే తీసుకుంటుంది. ఒకే రకం యంత్రాల దగ్గరికి వెళ్లేవాళ్లకు ఇది హాయి. నాలుగు రకాల దగ్గరికి వెళ్లేవాళ్లకు చాలదు.

ఆ నాలుగు రకాల వాళ్లకు నేను చెప్పేది, ఒక యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొని ఇవ్వండి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన మార్గం ఇదే. ల్యాప్‌టాప్‌కు ఉన్న సొంత పోర్టును, వైఫైని ఎవరూ ముట్టుకోరు, అవి ఆఫీసుకూ ఇంటర్నెట్‌కూ. యూఎస్‌బీ అడాప్టర్ కేవలం యంత్రాలకు. దానికి స్టాటిక్ అడ్రస్ పెట్టి, ‘అడ్వాన్స్‌డ్’ నొక్కితే ఐపీ అడ్రస్‌లు అనే చోట ‘యాడ్’ ఉంటుంది. ఒకే అడాప్టర్‌కు ఒకటి కాదు, నాలుగు అడ్రస్‌లు ఇవ్వొచ్చు. మీ కాగితం మీద తేలిన నాలుగు కుటుంబాలకూ తలా ఒకటి పెట్టేయండి. ఇక ఆ అడాప్టర్ ఏ యంత్రానికి పెట్టినా మాట్లాడుతుంది. గేట్‌వే గడి మాత్రం ఖాళీగా ఉండాలి, ఇది మరచిపోవద్దు. అక్కడ ఏదైనా రాస్తే, కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ ఇంటర్నెట్‌ను కూడా యంత్రం వైపు వెతకడం మొదలుపెట్టవచ్చు. అప్పుడు మాన్యువల్ తెరుద్దామన్నా, మీకు మెసేజ్ పెడదామన్నా నెట్ ఉండదు.

ఈ అడాప్టర్లతో రెండు ఇబ్బందులు నేను చూశాను. కొన్ని చౌక అడాప్టర్లలో సీరియల్ నంబర్ ఉండదు. వాటిని ఒక యూఎస్‌బీ పోర్టు నుంచి తీసి ఇంకో పోర్టులో పెడితే విండోస్ కొత్త పరికరం వచ్చిందనుకుంటుంది, మీరు పెట్టిన నాలుగు అడ్రస్‌లూ అక్కడ ఉండవు. కాబట్టి ఎప్పుడూ ఒకే పోర్టులో పెట్టేలా ఆ పోర్టు పక్కన చిన్న గుర్తు అంటించండి. రెండోది కాస్త తికమకగా ఉంటుంది. యంత్రం అడ్రస్ 192.168.1తో మొదలై, ఇంజినీరు అదే సమయంలో వైఫైలో ఉన్న నెట్‌వర్క్ కూడా 192.168.1 అయితే, ఆ అడ్రస్‌కు ఏ దారిన వెళ్లాలో ల్యాప్‌టాప్‌కు తెలియదు. పింగ్‌కు (అవతలి పరికరం పలుకుతోందో చూసే కమాండ్) జవాబు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. అలాంటి యంత్రం దగ్గర వైఫై ఆపి పనిచేయమనండి. వైఫై ఆపడానికి అడ్మిన్ అక్కర్లేదు.

ఈ రెండింటితో మీ పన్నెండు మందిలో ఎక్కువమంది సర్దుకుంటారని నా అంచనా. మిగిలే ఇద్దరు ముగ్గురు ఉంటారు. కొత్త చోట్లకు వెళ్లేవాళ్లు, అక్కడి నెట్‌వర్క్ మనిషి ‘ఈ ఐపీ పెట్టుకోండి’ అని అప్పటికప్పుడు చీటీ రాసిస్తే పెట్టుకోవాల్సినవాళ్లు. వాళ్లకు నిజంగానే హక్కు ఇవ్వాలి. ఇవ్వాల్సిన హక్కు పేరు ‘నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్’. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్స్, యూజర్స్ లాగే ఇది కూడా ముందే తయారై ఉన్న ఒక గ్రూపు. దీనిలో చేర్చిన మనిషి ఐపీ అడ్రస్, మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ మార్చగలడు, ల్యాన్ కనెక్షన్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టగలడు, ఐపీ వదిలేసి కొత్తది తీసుకోగలడు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం, కొత్త అకౌంట్లు సృష్టించడం, వేరేవాళ్ల ఫైళ్లు తెరవడం ఈ గ్రూపు పరిధిలో లేవు.

చేర్చడం తేలికే. అడ్మిన్‌గా లాగిన్ అయి కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్‌లో గ్రూప్స్ మీద నొక్కితే ఈ పేరు కనిపిస్తుంది. దాన్ని తెరిచి ఇంజినీరు అకౌంట్‌ను యాడ్ చేయండి. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఈ కిటికీ ఉండదు, అందులో కమాండ్ ప్రాంప్ట్ నుంచి నెట్ లోకల్‌గ్రూప్ కమాండ్ వాడాలి. ఇంగ్లిష్ కాని భాషలో విండోస్ నడుస్తుంటే గ్రూపు పేరు వేరేగా కనిపిస్తుంది. స్క్రిప్టు రాసేటప్పుడు పేరును నమ్ముకోకుండా దాని గుర్తింపు సంఖ్య వాడండి. ఎస్-1-5-32-556 అనే ఆ సంఖ్య ఏ భాషలోనైనా మారదు. చేర్చాక ఆ మనిషి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఏ గ్రూపుల్లో ఉన్నారన్నది విండోస్ లాగిన్ అయ్యే క్షణంలోనే రాసుకుంటుంది, మధ్యలో చేర్చినది ఆ పూటకు అందదు. ‘చేర్చాను కానీ పనిచేయట్లేదు’ అనేవాళ్లను నేను మొదట అడిగేది ఇదే.

గ్రూప్ పాలసీతో (డొమైన్‌లోని కంప్యూటర్లకు ఒకే చోటి నుంచి సెట్టింగులు పంపే సదుపాయం) ఒకేసారి పంపిద్దామనుకుంటే ప్రిఫరెన్సెస్‌లోని లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్ వాడి, చర్యగా ‘అప్‌డేట్’ ఎంచుకోండి. ‘రిస్ట్రిక్టెడ్ గ్రూప్స్’లో సభ్యుల జాబితా ఇస్తే, అందులో లేనివాళ్లను అది తీసేస్తుంది. పొరపాటున అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు మీద అలా చేసి తామే బయట పడ్డవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు ఇంజినీరుకు కనబడేది ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది ‘ఇది పనిచేయట్లేదు’ అని వెనక్కి వెళ్లిపోతారు. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి ‘రన్’ తెరిచి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొడితే పాత నెట్‌వర్క్ కనెక్షన్ల కిటికీ వస్తుంది. కొత్త సెట్టింగ్స్ యాప్ ద్వారా కాకుండా ఈ పాత దారినే నేర్పించండి. అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కగానే మళ్లీ ఆ పాస్‌వర్డ్ పెట్టె వస్తుంది. గ్రూపులో చేర్చినా వస్తుంది. కంగారు పడక్కర్లేదు. ఈసారి అక్కడ కొట్టాల్సింది మీ అడ్మిన్ పాస్‌వర్డ్ కాదు, ఇంజినీరు తన సొంత పేరు, తన సొంత పాస్‌వర్డ్ ఇవ్వాలి. విండోస్ విస్టా నుంచి, ఇలాంటి గ్రూపుల్లో ఉన్నవాళ్లకు లాగిన్ అప్పుడు కాస్త తగ్గించిన హక్కులే చేతికి వస్తాయి, పూర్తివి కావాలంటే తనెవరో ఇంకోసారి రుజువు చేసుకోవాలి. ఆ పెట్టె అడిగేది ఆ రుజువే. ఇది చెప్పకపోతే వాళ్లు పెట్టెను చూడగానే మీకు ఫోన్ చేస్తారు, మీరు గ్రూపు పనిచేయలేదనుకుంటారు.

భద్రత కోసం సెట్టింగులు బిగించి పెట్టిన ల్యాప్‌టాప్‌లలో ఆ పెట్టె అసలు రాకుండా చేసే పాలసీ కూడా ఉంటుంది. యూజర్ అకౌంట్ కంట్రోల్ సెట్టింగుల్లో, మామూలు యూజర్లు హక్కులు పెంచమని అడిగితే అడగకుండానే తిరస్కరించు అనే ఎంపిక అది. మీరో, మీకు ముందున్నవాళ్లో అది పెట్టి ఉంటే, ఆ ఇద్దరు ముగ్గురి ల్యాప్‌టాప్‌ల వరకు దాన్ని పాస్‌వర్డ్ అడిగే పద్ధతికి మార్చాలి. అలాగే గ్రూప్ పాలసీలో నెట్‌వర్క్ కనెక్షన్స్ కింద ల్యాన్ ప్రాపర్టీస్ తెరవకుండా నిషేధించే పాలసీలు ఉన్నాయి. ప్రాపర్టీస్ మీట మసకబారి నొక్కుడు పడకపోతే అక్కడ చూడండి.

పరీక్ష ఆఫీసులో కూర్చుని చేయవద్దు. చేసినా వైఫై ఆపేసి, కేబుల్ పీకేసి చేయండి. యంత్రం దగ్గర ఇంటర్నెట్ ఉండదు, మీ డొమైన్ సర్వర్ అందదు. ఆ సమయంలో ఇంజినీరు సొంత పాస్‌వర్డ్‌ను ల్యాప్‌టాప్ తనలో దాచుకున్న పాత లాగిన్ ఆధారంగా సరిచూసుకుంటుంది. విండోస్ మామూలుగా చివరి 10 మంది లాగిన్‌లను ఇలా గుర్తుంచుకుంటుంది. భద్రత పేరుతో దాన్ని సున్నా చేసి ఉంటే నెట్ లేని చోట పాస్‌వర్డ్ సరైనదే అయినా ఒప్పుకోదు. ఈ సంగతి రాత్రి పదకొండింటికి కాకుండా మధ్యాహ్నం మీ టేబుల్ దగ్గరే తెలిస్తే మంచిది.

ఇక ఈ గ్రూపు వల్ల ప్రమాదమేమీ లేదా అంటే, ఉంది. డీఎన్‌ఎస్ మార్చగలిగినవాళ్లు, మీరు డీఎన్‌ఎస్ ద్వారా పెట్టిన వెబ్ ఫిల్టర్‌ను దాటిపోగలరు. తప్పుడు ఐపీ పెడితే ఆఫీసు ప్రింటర్ అడ్రస్‌తో ఢీకొని ప్రింటర్ మూగబోవచ్చు. ఇవి చిన్నవి. ఇంతకన్నా గట్టిది ఒకటి 2025 జనవరిలో బయటపడింది. ఈ గ్రూపు సభ్యులకు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) రెండు నెట్‌వర్క్ సర్వీసుల కింద కొత్త కీలు సృష్టించే అనుమతి ఉండిపోయింది. దాన్ని వాడుకుని, పర్ఫార్మెన్స్ కౌంటర్ (పనితీరును కొలిచే భాగం) పేరుతో తమ సొంత కోడ్‌ను సిస్టమ్ హక్కులతో నడిపించే వీలు ఉన్నట్టు తేలింది. సిస్టమ్ అంటే అడ్మిన్ కన్నా పైది. సీవీఈ-2025-21293 అనే లోపం నంబరుతో మైక్రోసాఫ్ట్ ఆ నెల అప్‌డేట్లలోనే దాన్ని సరిచేసింది. కాబట్టి ఆ అప్‌డేట్ పడని ల్యాప్‌టాప్‌లో ఎవరినీ ఈ గ్రూపులో చేర్చవద్దు. పడినవాటిలో కూడా అవసరమున్న ఇద్దరు ముగ్గురినే చేర్చండి. ‘ఎలాగూ అడ్మిన్ కాదు కదా’ అని నలభై మందినీ చేర్చడం నాకు సమ్మతం కాదు.

ఈ గ్రూపు వాడకుండా ఇంకో పద్ధతి కూడా మీకు ఎవరైనా చెప్పవచ్చు. రెండు బటన్లు తయారుచేయడం. ఒకటి నొక్కితే యంత్రం ఐపీ, ఇంకోటి నొక్కితే ఆఫీసు ఐపీ. వెనకాల సిస్టమ్ హక్కులతో నడిచే షెడ్యూల్డ్ టాస్క్ (ముందే అమర్చి ఉంచిన పని) ఉంటుంది. జాగ్రత్తగా చేస్తే ఇది మంచిదే. అయితే ఆ టాస్క్ నడిపే స్క్రిప్టు ఫైలు ఉన్న ఫోల్డర్‌లో యూజర్ రాయగలిగితే, స్క్రిప్టు మార్చి ఏదైనా నడిపించుకోగలడు, అంటే అతనికి అడ్మిన్ ఇచ్చేసినట్టే. ప్రోగ్రామ్ ఫైల్స్ లాంటి చోట పెట్టి, మామూలు యూజర్ దాన్ని మార్చలేడని స్వయంగా అతని అకౌంట్‌తో ప్రయత్నించి చూశాకే ఇవ్వండి. బ్యాచ్ ఫైలులో పాస్‌వర్డ్ రాసి పెట్టడం మాత్రం వద్దు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనబడుతుంది. వేరే అకౌంట్ పేరుతో ప్రోగ్రామ్ నడిపే రన్‌యాజ్ కమాండ్‌లో సేవ్‌క్రెడ్ అనే ఎంపిక కూడా వద్దు. పాస్‌వర్డ్ ఒకసారి కొడితే గుర్తుంచుకుంటుంది కదా అని సౌకర్యంగా అనిపిస్తుంది. ఆ గుర్తుంచుకున్న అడ్మిన్ పాస్‌వర్డ్‌తో ఆ యూజర్ ఐపీ మార్చే ప్రోగ్రామ్ ఒక్కటే కాదు, ఏ ప్రోగ్రామైనా నడపగలడు.

వైఫై గురించి మీరు అడగలేదు కానీ, మీకు వచ్చే ఫోన్లలో సగం దాని గురించే అయి ఉంటాయి. కొత్త వైఫైకి కనెక్ట్ కావడానికి మామూలు యూజర్‌కు అడ్మిన్ అక్కర్లేదు. కనెక్ట్ అయినా నెట్ రాకపోతే ఎవరో ఎప్పుడో పెట్టిన స్టాటిక్ డీఎన్‌ఎస్ అలాగే ఉండిపోయిందేమో చూడండి. బయటి చోట్ల వైఫైలో వచ్చే లాగిన్ పేజీ దాని వల్ల తెరుచుకోకపోవచ్చు. ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వర్) సెట్టింగ్ అయితే మామూలుగా యూజర్ ఎవరికి వారిదే, వాళ్లే మార్చుకోగలరు.

రేపు మీ దగ్గరికి మ్యాక్‌లు వస్తే, అక్కడ ‘లొకేషన్స్’ అనే సదుపాయం ఉంది. ఆఫీసు, యంత్రం అని రెండు పేర్లతో సెట్టింగులు దాచి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారవచ్చు. లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్, పోల్‌కిట్ కలిసి ఈ అనుమతులను చూసుకుంటాయి. ఎవరు సిస్టమ్ కనెక్షన్లు మార్చవచ్చో అక్కడ ఒక నియమం రాస్తే చాలు.

మీ పైవాళ్లతో మాట్లాడేటప్పుడు వైరస్‌లు, హ్యాకర్లు అంటూ మొదలుపెట్టకండి. వాళ్లకు కావాల్సింది పని ఆగకపోవడం. వాళ్లు అడుగుతున్నది న్యాయమే. ‘ఇంజినీరు యంత్రం ముందు నిలబడి ఎవరి కోసమూ ఎదురుచూడకుండా చేస్తాను, దానికి పన్నెండు యూఎస్‌బీ అడాప్టర్లు, వారం రోజులు కావాలి’ అని చెప్పండి. ఆ తర్వాత, ఎందుకు అడ్మిన్ ఇవ్వకూడదని అడిగితే చెప్పండి. అడ్మిన్ ఇస్తే ఐపీ మార్చుకునే హక్కు ఒక్కటే వెళ్లదు. యాంటీవైరస్ ఆపే హక్కు, అకౌంట్లు సృష్టించే హక్కు కూడా వెళ్తాయి. ఆ మనిషి ఎంత మంచివాడైనా, అలసిపోయిన రాత్రి పొరపాటున తెరిచిన ఒక ఫైలుకు కూడా ఆ హక్కులన్నీ దక్కే ప్రమాదం ఉంది. మీ ఇంజినీర్ల మీద నమ్మకం లేక ఇవ్వట్లేదన్న మాట మాత్రం వాళ్ల చెవిన పడకుండా చూసుకోండి. ఆ మాట వెళ్లిందంటే తర్వాత మీరు ఏం ఇచ్చినా కంచెలాగే కనబడుతుంది.

మొదట ఒక్క ఇంజినీరుతో మొదలుపెట్టండి. మీకు ఎక్కువ ఫోన్లు చేసే మనిషిని ఎంచుకోండి, ఎక్కువ ఇబ్బంది పడుతున్నది ఆయనే. ఆయన జాబితాలోని అడ్రస్‌లన్నీ యూఎస్‌బీ అడాప్టర్‌లో పెట్టి ఒక వారం పంపండి. గ్రూపులో చేర్చాల్సి వచ్చిన ఇద్దరు ముగ్గురికీ ఒక చిన్న కార్డు ప్రింటు తీసి ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టించండి. దాని మీద మూడు సంగతులు చాలు. ఐపీ మార్చే కిటికీ ఎలా తెరవాలి, పెట్టె వస్తే ఎవరి పాస్‌వర్డ్ కొట్టాలి, పని అయ్యాక తిరిగి ఆటోమేటిక్ ఎలా పెట్టాలి. మూడోదాన్ని పెద్ద అక్షరాల్లో వేయండి. రాత్రి యంత్రం దగ్గర పెట్టిన స్టాటిక్ ఐపీ అలాగే ఉండిపోయి, మర్నాడు పొద్దున ఆఫీసులో ‘నెట్ రావట్లేదు’ అని వచ్చే ఫోన్లు దానితో చాలావరకు ఆగుతాయి. ఆ గ్రూపులో ఎవరి పేర్లున్నాయో మూడు నెలలకోసారి తెరిచి చూడండి, పని మారినవాళ్ల పేరు అదే రోజు తీసేయండి.